జ్వరమును పోల్చుట

మాఘమాసము వచ్చుసరికి ఆగిరిపల్లి చుట్టుపట్ల మామిడి తోటలన్నియు పూతతో నిండియుండును. ఆ దినములలోనే రథసప్తమి తిరునాళ్ళు. శోభనాచలస్వామి దర్శనమునకై నాలుగు దిక్కులనుండి జనులు బస్సులలోను, ఆటోలలోను వచ్చి కొండపాదమున దిగుదురు. ఒకరి భుజమునకొకరు రాచుకొనుచు మెట్లెక్కుదురు. జ్వరముల కాలమును అదియే. ఇంటింట నొకరో యిద్దఱో దుప్పటి ముసుగు తన్ని పడుకొనుట, మందుల దుకాణముల ముందు జనము గుమిగూడుట, ఏటేట మనము చూచుచున్న సంగతియే. ఏమి జబ్బని యడిగినచో వచ్చు జవాబొక్కటే: విషజ్వరము. పత్రికలును ఆ మాటనే శీర్షికగా పెట్టి యూరకుండుచున్నవి. ఆ మాటను గూర్చియే నేడు మేము కొంత వ్రాయదలచితిమి.

విషజ్వరమనునది ఏ రోగమునకును పేరు కాదు. మన తెలియమికి మనము కప్పుకొనిన దుప్పటి యది. దాని క్రింద ఫ్లూ, డెంగీ, మలేరియా, టైఫాయిడు అను నాలుగు రోగములు ఒకే మంచముపై పడుకొనియున్నవి. వీని పుట్టుకలు వేఱు, నడకలు వేఱు, చికిత్సలు వేఱు. మనమో, నాలుగింటిని ఒక్క పేరున పిలిచి, నాలుగింటికి నొక్కటే సూది, ఒక్కటే సెలైను సీసా, ఒక్కటే మాత్రల పొట్లము కొని తెచ్చుకొనుచున్నాము.

ఈ ప్రాంతపు రైతునకు పోల్చుట తెలియదని యెవ్వరు చెప్పగలరు? పూతగుత్తిని చేతబట్టి చూచినంతనే బంకబంకగా నున్నచో తేనెమంచు పురుగనును. తెల్లని పొడి చల్లినట్లున్నచో బూడిద తెగులనును. ఒకటి పురుగు, మఱియొకటి బూజు జాతిది. బూడిద తెగులునకు గంధకపు పొడి నీట కలిపి చల్లును. ఆ గంధకముతోనే తేనెమంచు పోవునని యెవడైన చెప్పినచో వానిని చూచి నవ్వును. పదునైదెకరముల తోటలో ఇంత వివేకము చూపు మనుష్యుడు, తన యొడలు కాలినప్పుడు మాత్రము, బాక్టీరియాను చంపు ఆంటీబయాటిక్ మాత్రను కొని వైరసు వలన వచ్చిన జ్వరమునకు మ్రింగుచున్నాడు. ఫ్లూ వైరసు వలన వచ్చు వ్యాధి. ఆంటీబయాటిక్కు దానిని తాకనైన తాకలేదు.

మాత్ర వేసికొనిన మూడవ దినమున జ్వరము దిగినదని చెప్పువారు పెక్కుమంది గలరు. దిగును, సందేహము లేదు. ఫ్లూ జ్వరము మాత్ర వేసినను వేయకున్నను తఱుచుగా మూడు నాలుగు దినములలో దిగునదే. తన కోడి కూయుట చేతనే ఊరు తెల్లవాఱుచున్నదని నమ్మిన ముసలమ్మ కథ మనవారెఱుగనిది కాదు. ఆ ముసలమ్మ నమ్మకమువలన ఊరికి నష్టము లేకపోయెను. మన నమ్మకమువలన నష్టమున్నది. అక్కఱలేనిచోట మాటిమాటికి వాడిన మందునకు బాక్టీరియాలు అలవాటుపడి, నిజముగా ప్రాణముమీదికి వచ్చిన దినమున ఆ మందు పనిచేయకపోవును.

చట్టము లేకకాదు. 2013లో కేంద్రప్రభుత్వము హెచ్-1 షెడ్యూలు నేర్పఱచి, సెఫిక్సైము మొదలైన అనేక ఆంటీబయాటిక్కులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదనియు, అమ్మినప్పుడు రోగి పేరును వైద్యుని పేరును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలయుననియు శాసించెను. 2016లో ఇట్టి మందుల అట్టలపై ఎఱ్ఱగీతను జనులు గుర్తింపవలయునని ప్రచారము చేసిరి. ఎఱ్ఱగీత యున్నది, దానిని దాటుటయు నున్నది. మందులవానిని పేరు చెప్పి యడుగకుండ, "జ్వరానికి ఏదైనా ఇవ్వండి" యని చేయి చాచువారము మనమే గనుక దోషమంతయు దుకాణముపై మోపుటకు మాకు మనసొప్పదు.

గ్రామములలోని ఆర్.ఎం.పి.లను గూర్చియు ఇట్లే. వారిని నిందించుట పట్టణవాసులకు సులభము. అర్ధరాత్రివేళ తలుపు తట్టినచో లేచి వచ్చువాడు అతడే. డబ్బు లేదన్నచో పంట వచ్చిన పిదప నిమ్మనువాడును అతడే. సూది వేయనివాడు వైద్యుడే కాడను తీర్పు నిచ్చినవారము మనము. ఊరక "నీళ్ళు త్రాగి పడుకొనుము, నాలుగు దినములలో తగ్గును" అని నిజము చెప్పిన పట్టభద్రుడైన వైద్యుని వద్దకు రెండవమాఱు పోనివారిని మేమెఱుగుదుము. కావున మొట్టమొదట నేర్వవలసినవారు రోగులును, రోగుల యింటివారును.

నేర్వవలసినది పెద్ద విద్య కాదు. న్యాయస్థానమున సాక్షిని విచారించునట్లు జ్వరమును విచారింపవలయును. మొదట నడుగవలసిన ప్రశ్న: నీవెప్పుడు వచ్చితివి? ఫ్లూ అయినచో రోగి గడియతోసహా చెప్పగలడు. ఉదయము తోటలో మందు చల్లివచ్చినవాడు సాయంకాలమునకు చలి, తలనొప్పి, నడుమునొప్పి, తొడలలో లాగుడుతో మంచమెక్కును. టైఫాయిడు ఇట్లు ఉరుకదు. మెట్లెక్కినట్లు దినదినమును కొంత కొంత పెరుగుచు వచ్చును. రెండవ ప్రశ్న: నీ వెంట ఎవ్వరు వచ్చిరి? ఫ్లూ వెంట పొడిదగ్గు, గొంతునొప్పి వచ్చును. పిల్లలకు వాంతులు, విరేచనములు కూడ కావచ్చును. సామాన్యమైన రొంప తుమ్ములతోను, ముక్కు కారుటతోను మొదలై, జ్వరము స్వల్పముగా నుండి, మనిషిని పడవేయక పోవును. డెంగీ వెంట దగ్గు సాధారణముగా నుండదు. కనుగ్రుడ్ల వెనుక నొప్పి, కీళ్ళు విఱిచినట్లుండుట, ఒంటిపై ఎఱ్ఱని దద్దు ఉండును. మలేరియా వణుకుతో వచ్చి చెమటతో విడిచి మరల వచ్చును. మూడవ ప్రశ్న: ఇంటిలో నింకెవ్వరిని పట్టితివి? ఫ్లూ సోకిన ఒకటి మొదలు నాలుగు దినములలో బయటపడును. ఒకరి దగ్గు తుంపరలనుండి, ఒకరి చేతులనుండి మఱియొకరికి పాకును. ఒక యింట వరుసగా ముగ్గురు దగ్గుచు పడకవేసినచో అది గొప్ప సాక్ష్యము.

ఇంతమాత్రముచే తీర్పు స్థిరపడినదని మా భావము కాదు. కోవిడు కూడ అచ్చముగా నీ వేషముననే రాగలదు; పరీక్ష లేక దానిని వేఱుచేయుట కష్టము. మలేరియా అనుమానమున్నచో వ్రేలికొననుండి ఒక్క బొట్టు రక్తము తీసి పావుగంటలో తేల్చు పరీక్ష యున్నది. దానిని చేయించుకొనక యూరకుండుట తప్పు. డెంగీలో జ్వరము దిగిన పిదపనే అపాయము పొంచియుండును గనుక, కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము కనిపించినచో జ్వరము లేదుగదా యని నిర్లక్ష్యము చేయరాదు.

ఇచ్చట నొక బలహీనుడైన సాక్షిని గూర్చి చెప్పక తప్పదు. అది వైడాల్ పరీక్ష. 1896 నాటిది. ఎట్టి జ్వరము వచ్చినను రెండవదినముననే ఈ పరీక్ష చేయించి, కాగితముపై "పాజిటివ్" అని వ్రాసియున్నచో టైఫాయిడని నిర్ణయించి, పది పండ్రెండు సూదులు వేయుట మన జిల్లాలలో ఆచారమైపోయినది. పూర్వమెన్నడో వచ్చిన టైఫాయిడుకును, వేయించుకొనిన టీకాకును కూడ ఈ పరీక్ష అవుననవచ్చును. నిజముగా టైఫాయిడున్నప్పుడు మొదటివారములో కాదనవచ్చును. అవునన్నను కాదన్నను నమ్మరాని ఇట్టి ఒంటరి సాక్షి మాటపై ఏ న్యాయాధిపతియు శిక్ష వేయడు. టైఫాయిడను అనుమానము గట్టిగా నున్నచో ఆంటీబయాటిక్కు మొదలుపెట్టకముందు రక్తమును కల్చరు పరీక్షకు పంపుట సరియైన మార్గము.

ఫ్లూ అని తోచిన పిమ్మట చేయవలసినదేమి? ప్రభుత్వ వైద్యశాఖ రోగులను మూడు తెగలుగా విభజించినది. స్వల్ప జ్వరము, దగ్గు, గొంతునొప్పి మాత్రమే కలవారు మొదటి తెగ, వీరికి పరీక్షయు వలదు, వైరసు మందును వలదు, ఇంటిపట్టున నుండవలయును. జ్వరము తీవ్రముగా నున్నవారును, స్వల్పముగా నున్నను గర్భిణులు, చంటిపిల్లలు, 65 ఏండ్లు దాటినవారు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారును రెండవ తెగ. వీరు పరీక్షకై కాచుకొనక వైద్యుని చూచి, వైరసు మందు కావలయునో లేదో తేల్చుకొనవలయును. ఊపిరాడనివారు, రొమ్ములో నొప్పి, మగత, కఫమున రక్తము, గోళ్ళు నీలివర్ణమగుట కలవారు మూడవ తెగ. వీరిని తక్షణమే ఆసుపత్రిలో చేర్పవలయును.

ఆ వైరసు మందు పేరు ఒసెల్టామివిర్. పెద్దలకు 75 మిల్లీగ్రాముల గుళిక పూటకొకటి చొప్పున దినమునకు రెండుమార్లు, అయిదు దినములు. జ్వరము మొదలైన 48 గంటలలోపల మొదలిడినచో గుణము మిక్కిలి; ప్రమాదస్థితిలోనున్న రోగికి ఆలస్యమైనను వైద్యులిత్తురు. 2017 వఱకు దీని అమ్మకమునకు కఠినమైన కట్టుబాట్లుండెను. ఆ యేడు సడలించిరి గనుక చీటి యున్నచో దొరకును. ఈ మందును మొదట మన బిరియానీలో వేయు అనాసపువ్వు జాతి కాయలనుండి తీసిన యామ్లముతోనే తయారుచేసిరనుట వినోదమైన విషయము. అట్లని అనాసపువ్వు నమలినచో ఫ్లూ పోవునని యెవ్వరును పొరపడకుందురు గాక.

మొదటి తెగవారి చికిత్స అంతయు వంటింటిలోనే యున్నది. పడుకొనుట, నీళ్ళు, మజ్జిగ, గంజి, పలుచని జావ, చారన్నము మాటిమాటికి పుచ్చుకొనుట, జ్వరమునకు పారాసిటమాల్. పెద్దలకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఆఱుగంటలకొకటి చాలును. ఎట్టి పరిస్థితులలోను ఒకదినమున 4 గ్రాములు మించరాదు. కాలేయపుజబ్బు కలవారును, త్రాగుడు అలవాటున్నవారును వైద్యుని యడిగి ఇంకను తగ్గించుకొనవలయును. పిల్లలకు బరువునుబట్టి మోతాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యనే రాదు. అది ఫ్లూతో కూడినప్పుడు కాలేయమును మెదడును చెడగొట్టు రైస్ వ్యాధి వచ్చుట కలదు. డెంగీయో ఫ్లూయో తెలియనప్పుడు పెద్దలును ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులకు దూరముగా నుండుట మేలు. జ్వరము వెంటనే దిగుటకై స్టిరాయిడు సూది వేయించుకొనుట, దొంగను పట్టుటకు బదులు కుక్కను నోరుకట్టినట్లగును.

మిరియాల కషాయము, శొంఠి, తులసి, పసుపు పాలు మా యిండ్లలోను వాడుదురు. గొంతునకు హాయి నిచ్చును, వైరసును చంపవు. ఆవిరి పట్టునప్పుడు సలసల కాగు నీళ్ళ గిన్నె ఒడిలో ఒలుకుట వలన పిల్లలు ఒడలు కాల్చుకొనుచున్నారు గనుక పిల్లలకు ఆవిరి పట్టరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. ఇక "లంఖణం పరమౌషధం" అను మాట యున్నది. పెద్దల మాటయందు గౌరవముంచియే చెప్పుచున్నాము: ఆకలి లేనివానికి బలవంతముగా పెట్టవలదు గాని, ఆకలియని యడుగు రోగికి అన్నము పెట్టకుండుట, దాహమనినచో నీళ్ళు కొలిచి పోయుట వైద్యము కాదు. గదిలో ఫంకా కట్టివేసి, కిటికీ మూసి, రెండు రగ్గులు కప్పి జ్వరమును వేయించుటయు కాదు. కిటికీ తెఱచియుండుట రోగికిని మేలు, సేవచేయువారికిని మేలు.

తప్పు తెగులును పట్టుకొని దానికి మందు వెదకుట పల్లెవారి దోషము మాత్రమే కాదు. 1892లో ఫైఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్లూ రోగుల కఫమున నొక బాక్టీరియాను చూచి అదియే కారణమని ప్రకటించెను. 1918లో మహమ్మారి వచ్చినప్పుడు లోకములోని గొప్ప వైద్యులనేకులు ఆ బాక్టీరియానే పట్టుకొని టీకాలు చేసిరి. అసలు దోషియైన వైరసును మనుష్యులనుండి వేఱుచేసి లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అనువారు చూపునప్పటికి 1933 వచ్చెను. ఈ లోపల జరుగవలసినది జరిగిపోయెను.

1918 జూన్‌లో బొంబాయి రేవున కాపలా కాయు పోలీసు సిపాయీలలో బయటపడిన ఆ జ్వరము, మొదటి విడత మెత్తగా నడచి, సెప్టెంబరులో రెండవ విడతగా విజృంభించి రైలుమార్గముల వెంట దేశమంతట పాకెను. ఆ యేడు వానలు తప్పెను. ధాన్యపు ధరలు మండెను. వైద్యులలో పలువురు యుద్ధమునకు తరలిపోయియుండిరి. బొంబాయివంటి పట్టణములలో స్వచ్ఛంద సేవకులు మందులు, పాలు మోసికొని పేటపేట తిరిగిరి. చనిపోయినవారి లెక్క ఒక కోటికి పైనుండి కోటి 80 లక్షల వఱకు పండితులు పలువిధముల కట్టిరి. మద్రాసు రాజధానిలో బొంబాయి రాజధానియందును మధ్యపరగణాలయందును జరిగినంత ఘోరము జరుగలేదు. నేటి భారతదేశపు ఎల్లలలో 1911లో 25 కోట్ల 20 లక్షలుండిన జనము 1921 జనగణనలో 25 కోట్ల 13 లక్షలయ్యెను. ఇరువదవ శతాబ్దమున జనసంఖ్య తగ్గిన దశాబ్దము అదొక్కటే. మృతులలో ఇరువది మొదలు నలువదేండ్ల ప్రాయమువారు హెచ్చు. మన దేశమున పురుషులకన్న స్త్రీలు హెచ్చు. ఇంటిల్లిపాదియు పడకవేసినప్పుడు తానును జ్వరముతోనే లేచి నీళ్ళు తోడవలసినది స్త్రీయే గనుక ఇందు వింత లేదు. ఈ మాట నేటికిని వర్తించునని మా భయము.

ఆ పిమ్మటి రాకలు ఇంత ఘోరమైనవి కావు. 1957 మేలో సింగపూరునుండి మద్రాసు రేవునకు ఓడపై వచ్చిన ఫ్లూ ఏడాది తిరుగకమునుపే దేశమున 44 లక్షలమందికి పైగా సోకినట్లు లెక్కకు వచ్చెను. 2009 మేలో నూతన హెచ్1ఎన్1 ఫ్లూ ఈ దేశమున మొదటిసారి కనుగొనబడినది హైదరాబాదులో దిగిన ప్రయాణికునియందు. 2015లో దేశమంతట 42 వేల మందికి పైగా దాని రోగులు గుర్తింపబడి దాదాపు 3 వేల మంది మరణించిరి. దానికి "స్వైన్ ఫ్లూ" అను పేరు పెట్టిరి. ఆ పేరు వినినంతనే ఊళ్ళకు ఊళ్ళు గడగడలాడెను. అదే వైరసు నేడు ఏటేట వచ్చు ఫ్లూలలో నొకటిగా కలిసిపోయి మన నడుమనే తిరుగుచున్నది. దానిని విషజ్వరమని పిలిచి మనము ఉదాసీనులమై యున్నాము. పేరు మార్చినంతనే భయమో, నిర్లక్ష్యమో! రోగము మాఱలేదు.

పరోపదేశము చేయువాడు తన సంగతియు చెప్పుకొనవలయును. కొన్నియేండ్ల క్రిందట ఈ పంక్తులు వ్రాయువానికి మాఘమాసముననే జ్వరము తగిలెను. వాయిదా కోరుటకు మనసొప్పక, దుకాణమున ఆంటీబయాటిక్కు కొని మ్రింగి, దగ్గుచునే రెండుదినములు న్యాయస్థానమునకు పోయెను. నాలుగవ దినమునకు తాను కోలుకొనెను. డెబ్బదియేండ్లు దాటిన తల్లి మంచమెక్కెను. ఆమెకును మూడు దినములలో జ్వరము దిగెను. ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొంటిమి. అయిదవ దినమున జ్వరము మరల వచ్చెను. దగ్గిన పచ్చని కఫము పడుచుండెను. "ఏమీ లేదురా, నీరసం" అని ఆమె చెప్పెను. ఒక సెలైను పెట్టించినచో లేచి కూర్చుండునని ఇరుగుపొరుగువారు చెప్పిరి. చదువుకొనిన కుమారుడును సరేయనెను. అప్పుడు పరామర్శకు వచ్చిన మా మేనకోడలు, నర్సు పని నేర్చినది, గడియారము ముందు పెట్టుకొని ఆమె రొమ్ము పైకి క్రిందికి కదలుటను లెక్కించి, "మామయ్యా, నిమిషానికి ముప్పైనాలుగు. ఇప్పుడే బయలుదేరాలి" అనెను. ఆ రాత్రియే బెజవాడ చేర్చితిమి. న్యుమోనియా. పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండి ఆమె ఇంటికి తిరిగివచ్చినది.

తోటలో ఇట్టిదే జరుగును. తేనెమంచు పురుగు పూత రసమును పీల్చి బంకను విడిచిన పిదప, ఆ బంకపై నల్లని మసి తెగులు వచ్చి కూర్చుండును. పురుగు వేఱు, మసి వేఱు; కాని మొదటిదే రెండవదానికి చాప పఱచును. ఫ్లూ వైరసు గొంతుక లోపలి పొరను గీచివైచినచోట బాక్టీరియాలు దిగి న్యుమోనియా తెచ్చును. 1918 నాటి మృతులలో పెక్కుమందిని కడపట చంపినది ఇదియే. అప్పటికి పెన్సిలిన్ పుట్టలేదు. ఆంటీబయాటిక్కునకు అసలైన పని ఉండునది ఇచ్చట. మాకు అక్కఱలేని దినమున మేము మ్రింగితిమి. మా తల్లికి అక్కఱయైన దినమున సెలైను చాలుననుకొంటిమి.

కావున ఒక్క గుర్తును మా చదువరులు మఱువరాదని కోరుచున్నాము: దిగిన జ్వరము మరల వచ్చుట, తగ్గిన దగ్గు మరల హెచ్చుట. దీనితోడ ఊపిరి లెక్క. పెద్దలకు నిమిషమునకు ముప్పది దాటినచో, ఏడాది మొదలు అయిదేండ్లలోపు పిల్లలకు నలువదియు, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు శిశువులకు ఏబదియు, అంతకన్న చిన్న పసికందులకు అఱువదియు చేరినచో ఇల్లు కదలవలసినదే. నిద్రించునప్పుడో, నెమ్మదిగా నున్నప్పుడో పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలయును. వ్రేలికి తగిలించు ఆక్సిజన్ కొలత యంత్రము కోవిడు నాటినుండి అనేకుల యిండ్లలో మూలపడియున్నది. 94కు తగ్గినచో ఆలస్యము వలదు. బిడ్డ పాలు మానుట, మూర్ఛ, మత్తుగా పడియుండుట చూచినచో లెక్కలతో పనిలేదు. నూజివీడు ప్రాంతీయ వైద్యశాల దగ్గఱనున్నది. 108 బండి పిలిచిన వచ్చును.

విశ్రాంతి తీసికొనుమని పైన వ్రాసితిమి. వ్రాయునప్పుడే కలము కొంచెము తడబడినది. ఫ్లూ రోగి జ్వరమునకు ఒకదినము ముందునుండి దాదాపు వారము వఱకు ఇతరులకు అంటింపగలడు. జ్వరము మాత్ర లేకయే విడిచి 24 గంటలు గడుచువఱకైనను ఇంటనుండవలయునని వైద్యులు చెప్పుదురు. ఉద్యోగికి సెలవు గలదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము క్రింద కర్మాగారపు కార్మికునికి జబ్బుపడిన దినములకు కూలిలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 దినముల వఱకు లభించు ఏర్పాటు జరిగెను. ఆ యేర్పాటు తోట కంచె దాటి లోపలికి రాలేదు. మాఘములో మందు చల్లు కూలియు, వేసవిలో బంగినపల్లి, చిన్నరసము కోసి, తట్టలకెత్తి నున్న మార్కెట్టుకు పంపు కూలియు, పని మానిన దినమున పొయ్యి మానినట్లే. వారు జ్వరముతో రాకుండ నేమి చేయుదురు? వచ్చి, ఒకే లారీపై పాతికమంది ఒరసికొని కూర్చుండి, ఒకే కుండలో ఒకే చెంబు ముంచి త్రాగి, సాయంకాలమునకు పదిమందికి పంచిపోవుదురు. తోటను గుత్తకు తీసికొను వర్తకులు పూత నిలుచునో లేదో తెలియక లక్షలు పందెము కాయుచున్నారు. దగ్గుచు వచ్చిన కూలికి మూడుదినముల సగము కూలి యిచ్చి ఇంటికి పంపుట వారికి భారము కాదు. కాయ పదునునకు వచ్చిన వారములో కోతగాండ్రందఱు ఒక్కసారి పడకవేసినప్పుడు కలుగు నష్టముతో పోల్చినచో అది లాభమే. వారు దీనిని దానముగా కాక లెక్కగా చూతురని మా ఆశ. శాసనసభలలో కూర్చుండువారు వ్యవసాయకూలికి జబ్బుదినముల భృతిని హక్కుగా చేయువఱకు ఈ లెక్కయైన జరుగవలయును.

ఇక టీకా సంగతి. ఫ్లూ వైరసు ఏటేట వేషము మార్చును గనుక టీకాయు ఏటేట వేయించుకొనవలయును. అది రోగమును పూర్తిగా ఆపజాలకపోవచ్చును, ప్రమాదమును తగ్గించును. గర్భిణులు, వృద్ధులు, మధుమేహము గుండెజబ్బు ఉబ్బసము కలవారు, ఆఱునెలలు నిండిన చిన్నపిల్లలు, రోగులకు సేవచేయు ఆశా కార్యకర్తలు, నర్సులు ముందుగా వేయించుకొనదగినవారు. ప్రభుత్వము బాలలకు ఉచితముగా వేయు టీకాలలో నిది లేదు. దాని వెల కూలివాని రెండుమూడు దినముల సంపాదనకు తక్కువ కాదు. కనీసము గర్భిణులకును, ఆశా కార్యకర్తలకును గ్రామ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా నిచ్చుట ప్రభుత్వమునకు తలకు మించిన పని కాదని చెప్పవలసియున్నది. అంతవఱకు, తిరునాళ్ళకు రంగులు వేయించుటకు చందాలు పోగుచేయు మన యువకులు, ఆ చందాలో నుండి ఊరిలోని నిఱుపేద వృద్ధులకొఱకు కొంత మొత్తమును విడిగా తీసిపెట్టినచో స్వామికి కోపము రాదు.

టీకా వేసిన దినముననే రక్షణ కలుగదు. ఒంటికి పట్టుటకు సుమారు రెండువారములు కావలయును. రథసప్తమి కొన్ని సంవత్సరములలో సంక్రాంతి వెళ్ళిన పదిపండ్రెండు దినములకే వచ్చును. కావున కొండ యెక్కదలచిన వృద్ధులను, వారితో పోవు కోడండ్రను, కూతుండ్రను వాకిళ్ళలో ధనుర్మాసపు ముగ్గులు పడుటకు ముందే వైద్యుని వద్దకు తీసికొనిపోవలయును.